టిష్యూ కండిషనర్‌లో ఫ్లుకోనజోల్ కలిపితే త్వరగా గట్టిపడుతోంది: మోతాదు ఎంత ఉండాలి?

పై దవడకు పూర్తి కట్టుడు పళ్ల సెట్ వాడుతున్న, మధుమేహం ఉన్న 68 ఏళ్ల రోగికి సెట్ ఆనే అంగిలి భాగమంతా ఎర్రబారింది; స్మియర్‌లో కాండిడా అనే ఫంగస్ కనిపించింది. క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ వాడించాం, రాత్రిళ్లు సెట్ తీయించి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో నానబెట్టించాం, అయినా మందు ఆపగానే ఎరుపు తిరగబెడుతోంది.

పూసిన మందును లాలాజలం నిలవనివ్వదు కనుక, అది సెట్ లోపలి నుంచే మెల్లగా విడుదలయ్యేలా, పాలీఇథైల్ మెథాక్రిలేట్ పొడి, ఆల్కహాల్ కలిసిన ప్లాస్టిసైజర్ (మెత్తదనాన్నిచ్చే) ద్రవంతో తయారయ్యే టిష్యూ కండిషనర్‌లో (సెట్ లోపలి వైపు తాత్కాలికంగా వేసే మెత్తని పొరలో), పొడి బరువులో 10 శాతం ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ నిరోధక మందు కలిపి లైనింగ్ వేశాను. 150 మిల్లీగ్రాముల మాత్రలను కల్వంలో మెత్తగా నూరి జల్లించాను. ద్రవం పాళ్లు తయారీదారు సూచించినట్లే ఉంచాను.

ఎరుపు బాగా తగ్గింది. కానీ నాలుగో రోజుకే వెనుక అంచు దగ్గర లైనర్ గోటితో నొక్కినా లొంగనంత గట్టిపడి, పైభాగం ఇసుక కాగితంలా గరుకై, సన్నని గుంతలు పడ్డాయి. ఆ గుంతలే కాండిడాకు మళ్లీ ఆశ్రయమిస్తాయి. మాత్రలోని పూరకాలలో స్టార్చ్ ఉబ్బి, లాక్టోజ్ కరిగి ఈ ఖాళీలు వదులుతున్నాయని నా అనుమానం. 5 శాతానికి తగ్గిస్తే మెత్తదనం కొంత నిలిచింది గానీ ఎరుపు తగ్గలేదు. మరో ఫంగస్ నిరోధక మందు నిస్టాటిన్‌కు మారడానికి వెనుకాడుతున్నాను, ఎందుకంటే క్లోర్‌హెక్సిడిన్‌తో కలిస్తే రెండింటి ప్రభావమూ దెబ్బతింటుంది.

మాత్రలకు బదులు శుద్ధమైన ఫ్లుకోనజోల్ పొడిని కలిపి, లైనర్ మెత్తదనాన్ని రెండు వారాల పాటు నిలపగలిగినవారు దానిని ఎంత శాతం వాడారు?