అప్‌డేట్: అమ్మ వేళ్లు నీలంగా మారడం, మెట్లెక్కితే ఆయాసం – కారణం తెలిసింది

మూడు నెలల క్రితం అడిగాను: చన్నీళ్లలో చెయ్యి పెడితే అమ్మ వేళ్లు తెల్లబడి, తర్వాత నీలంగా మారుతున్నాయి, రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తోంది, రెండింటికీ సంబంధం ఉందా అని. ఉంది. రుమటాలజిస్టుకు (కీళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బుల డాక్టరు) చూపించమన్న వాళ్లందరికీ థాంక్స్, పనికొచ్చింది ఆ సలహానే.

ఆ డాక్టరుగారు ముందు చూసింది గోళ్లనే. గోరు మొదట్లో చర్మం మీద చుక్క నూనె వేసి, చిన్న కెమెరా ఆనించి, స్క్రీన్ మీద మాకూ చూపించారు. హెయిర్‌పిన్నుల్లా వరసగా ఉండాల్సిన సన్న రక్తనాళాలు కొన్ని బాగా ఉబ్బిపోయాయి, కొన్నిచోట్ల అసలు లేనే లేవు. రక్తపరీక్షలో ఈ జబ్బులో కనిపించే యాంటీబాడీ, యాంటీ ఎస్‌సీఎల్-70 పాజిటివ్. సిస్టమిక్ స్క్లెరోసిస్ అన్నారు, అంటే రోగనిరోధక వ్యవస్థ మన శరీరం మీదే దాడి చేసి చర్మం, రక్తనాళాలు, ఊపిరితిత్తుల్లాంటి వాటిని దెబ్బతీసే జబ్బు. వేళ్లకీ ఆయాసానికీ సంబంధం అదే.

ఊపిరితిత్తుల పరీక్షలో ఎఫ్‌వీసీ (గట్టిగా పీల్చి పూర్తిగా ఊదగలిగే గాలి) ఉండాల్సిన దాంట్లో 81 శాతం, పర్వాలేదు. కానీ గాలి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఎంత బాగా చేరుతోందో చెప్పే డీఎల్‌సీఓ 52 శాతమే. ఒక్క స్పైరోమెట్రీతో (గాలి ఊదే పరీక్ష) ఆగి ఉంటే ఇది బయటపడేదే కాదు. సీటీలో ఊపిరితిత్తుల అడుగుభాగంలో ఐఎల్‌డీ (ఊపిరితిత్తుల కణజాలం వాచి, మచ్చకట్టి గట్టిపడే జబ్బు) మొదలైనట్టు కనిపించింది. ఎకో (గుండె స్కాన్) మాత్రం నార్మల్, అక్కడ కాస్త టెన్షన్ తగ్గింది.

ఇప్పుడు ఊపిరితిత్తులకు మైకోఫినోలేట్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు), వేళ్లకు నిఫెడిపిన్ (రక్తనాళాలు వెడల్పు చేసే మందు) వాడుతున్నాం. ఆస్తమా అనుకుని ఇచ్చిన ఇన్‌హేలర్, ఐరన్ మాత్రలు దీనికి సంబంధం లేనివని తేలింది.

ఆయాసం అలాగే ఉంది, పెరగలేదు. వేళ్లు నీలమవడం తగ్గింది. అంట్లు తోమొద్దంటే మాత్రం వినడం లేదు, గ్లౌజులు కొనిచ్చాను.