ల్యాబ్‌కి 2 లక్షలు వస్తున్నాయి, ఏం కొనమంటారు?

ప్రశ్న:
అందరికీ నమస్తే. హనుమకొండ దగ్గర ఒక యూనివర్సిటీలో కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్‌ని. కొత్త టెక్నాలజీల ల్యాబ్ అని పెట్టి రెండేళ్లయింది, రెండు త్రీడీ ప్రింటర్లు, నాలుగు వీఆర్ హెడ్‌సెట్లు, ఆర్డుయినో, ఈఎస్‌పీ32 కిట్లు (సెన్సర్లు తగిలించి ప్రోగ్రాం రాసే చిన్న సర్క్యూట్ బోర్డులు), మంచి జీపీయూ (ఏఐ లాంటి భారీ లెక్కలు వేగంగా చేసే చిప్) ఉన్న కంప్యూటర్, అన్నీ ఉన్నాయి. ఎవరైనా చూడటానికి వస్తే తాళం తీస్తాం, దుమ్ము తుడుస్తాం, ఫొటోలు దిగుతాం, మళ్ళీ తాళం. ఇప్పుడు 2 లక్షలు ఇస్తారట, లిస్టు రాయమన్నారు. మా సార్ డ్రోన్ అంటున్నారు. ఇంకోటి, వానలు మొదలైనప్పటి నుంచి ప్రింటర్‌లో చిటపటమని శబ్దం, ప్రింట్ అంతా బూజు పట్టినట్టు పోగులు పోగులుగా వస్తోంది. కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే నాజిల్ మార్చినా అంతే.

జవాబు:
నాజిల్ తప్పు కాదు తమ్మీ, ఫిలమెంట్ (ప్రింటర్ కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ) చెమ్మ పీల్చింది. పీఎల్‌ఏ రకం ప్లాస్టిక్ అయితే 45-50 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు ఆరబెట్టు. ఇంట్లో ఓవెన్‌లో మాత్రం పెట్టకు, పైన చూపించే వేడి ఒకటి, లోపల ఉండేది ఒకటి, రీల్ అంతా ముద్దవుతుంది. తర్వాత గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచు. ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తెచ్చే రైతుకి తెలిసినంత కూడా మన ల్యాబుల్లో చెమ్మ గురించి తెలియదు.

ఇంకో జవాబు:
డ్రోన్ వద్దు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాలి, బరువును బట్టి పైలట్ సర్టిఫికెట్ కూడా కావాలి, చివరికి అది కూడా బీరువాలోకే పోతుంది.
అసలు తాళం ఎందుకు వేస్తున్నావో నేను చెప్పనా? కిట్లన్నీ స్టాక్ రిజిస్టర్‌లో నీ పేరు మీద ఉన్నాయి, ఒకటి కాలితే ఎవరు కట్టాలి అని టెన్షన్. నేనూ ఆ పని చేశాను కాబట్టి తెలుసు. ఐదు వందల రూపాయల బోర్డుని బీరువా, బల్లలతో పాటు రాసుకుంటే పిల్లల చేతికి ఎవరిస్తారు? బోర్డులు, సెన్సర్లు, జంపర్ వైర్లు, సాల్డర్, ఫిలమెంట్ అన్నీ కన్స్యూమబుల్స్ కింద కొనిపించు, ఖర్చయ్యే సామాను అని ముందే రాయించుకో. సగం డబ్బు దానికే పెట్టు. మిగిలిన దాంట్లో ప్రింటర్లకి యూపీఎస్ తీసుకో, తొమ్మిది గంటల ప్రింట్ ఎనిమిదో గంటలో కరెంటు పోయి ఆగితే పిల్లలు మళ్ళీ ల్యాబ్ మొహం చూడరు.
జీపీయూ కంప్యూటర్‌కి జూపిటర్‌హబ్ (ఒకే కంప్యూటర్‌ని చాలామంది బ్రౌజర్‌లోంచి వాడుకునే సాఫ్ట్‌వేర్) పెట్టు, హాస్టల్ నుంచే లాగిన్ అవుతారు, పైసా ఖర్చు లేదు. మట్టి తేమ ప్రాజెక్టులు ఎక్కువగా అడుగుతారు కదా, రెండు కాళ్ల రెసిస్టివ్ సెన్సర్లు కొనకు, కరెంటు పారి కాళ్లు తొందరగా తుప్పు పడతాయి, లోహం మట్టికి తగలని కెపాసిటివ్‌వి తీసుకో. వీఆర్ సంగతి తర్వాత చూద్దాం.

అడిగినవారు:
రిజిస్టర్ సంగతి నిజమే అన్నా. పోయినసారి మూడు ఈఎస్‌పీ32లు కాలిపోయాయి, అప్పటి నుంచే తాళం. అల్ట్రాసోనిక్ సెన్సర్ (శబ్ద తరంగాలతో దూరం కొలిచేది) పెట్టిన ప్రతిసారీ బోర్డులు పోతున్నాయి.

జవాబు:
ఆ సెన్సర్ ఎకో పిన్ (సిగ్నల్ బయటికిచ్చే కాలు) 5 వోల్టులు ఇస్తుంది, ఈఎస్‌పీ32 పిన్ 3.3 మాత్రమే తట్టుకుంటుంది. ఎకో నుంచి 1 కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, ఆ రెండింటి మధ్య నుంచి బోర్డుకి తీసుకో. ఈ బొమ్మ గీసి గోడకి అంటించు.

అడిగినవారు (పది రోజుల తర్వాత):
కన్స్యూమబుల్స్‌కి 90 వేలు ఒప్పుకున్నారు. డ్రోన్ ఇంకా లిస్టులోనే ఉంది. రోజూ సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరుస్తున్నాను, ప్రింటర్ చిటపట ఆగింది. నిన్న ఒక బోర్డు కాలింది, పిల్లలు కాదు, మా సారే, గోడ మీది బొమ్మ చూడకుండా.