పత్తి ఏరుడు మొదలైతే డే కేర్‌కు రావట్లేదు: డోసు పెంచాలా, ఇల్లు చూడాలా?

ప్రశ్న (డే కేర్ సెంటర్, హన్మకొండ):
స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి మానసిక జబ్బులు ఉన్నవాళ్లు మా సెంటర్‌కు పొద్దున పదికి వచ్చి నాలుగింటికి ఇంటికి పోతరు. దసరా దాటితే మగవాళ్ల హాజరు పడిపోతుంది, ఆడవాళ్లది అంత తగ్గదు. 'రాలేదు' అని రాస్తే జబ్బు తిరగబెట్టిందనుకొని మందు పెంచుతున్నారు. కారణం జబ్బా, ఇంటి పరిస్థితా, ఎట్ల తేల్చాలె?

జవాబు (సోషల్ వర్కర్, పరకాల):
మేడం, ముందు బస్సు లెక్క చూడండి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు జీరో టికెట్. తల్లీకూతుళ్లు వస్తే ఖర్చు లేదు, తండ్రీకొడుకులు వస్తే రెండు టికెట్లు. దాని మీద తోడొచ్చిన మనిషి కైకిలి పోతుంది. పత్తి ఏరుడుకు కిలో లెక్కన ఇస్తారు, పొద్దంతా ఇక్కడ కూర్చుంటే ఆ పైసలు రావు. తమ్ముడు దుబాయ్ పోయిన ఇంట్లోనైతే తీసుకొచ్చే మనిషే లేడు.

రిజిస్టర్‌లో 'రాలేదు' పక్కన మూడు గడులు గీయండి: తోడెవరు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, గోళీలు ఎన్ని మిగిలాయి. ఫోన్ చేసినప్పుడు స్ట్రిప్ చేతిలో పట్టుకొని లెక్కపెట్టమనండి, 'వేసుకుంటున్నడు' అంటే సరిపోదు. నిద్ర బాగుండి గోళీల లెక్క కుదిరితే ముందు కైకిలి గురించి అడగండి. రెండు మూడు రాత్రులుగా నిద్ర లేకపోయినా, గోళీలు మిగిలిపోయినా ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలె.

ఆ మనిషే చేనుకు పోతానంటే ఆపొద్దు. నెమ్మదిగా చేసేవాళ్లకు కిలో లెక్క పనే నయం, రోజు కూలిలో వెనకబడితే మాటలు పడాలె. చేనుకు పురుగుమందు కొట్టే పనికి మాత్రం పంపొద్దు. పురుగుమందు డబ్బా పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచాలె. ఈ ఒక్కటి ప్రతి ఇంటికీ చెప్పండి.

జవాబు (సైకియాట్రీ నర్స్, వరంగల్):
పని మారితే మందు పనిచేసే తీరూ మారుతుంది. లిథియం (బైపోలార్‌కు ఇచ్చే మందు) వాడేవాళ్లు ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగితే రక్తంలో మందు పెరుగుతుంది. నడుము నొప్పికి డైక్లోఫెనాక్ కొనుక్కుంటే ఇంకా పెరుగుతుంది. చేతులు బాగా వణికినా, విరేచనాలైనా, మాట తడబడినా తర్వాతి గోళీ వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. పరీక్షకు రక్తం చివరి గోళీ వేసుకున్న 12 గంటలకు తీయాలి. పొద్దున గోళీ మింగి వచ్చి ఇస్తే రిపోర్టు తప్పుతుంది.

క్లోజపిన్ (స్కిజోఫ్రెనియాకు ఇచ్చే మందు) వాడే మనిషి పైసలు లేక బీడీలు మానేసినా డాక్టర్‌కు చెప్పాలి. పొగ ఆగితే ఆ మందు ఒంట్లో నిలిచిపోయి మత్తు, ఫిట్స్ వస్తాయి. ఆల్ప్రాజోలం అనే మత్తు మందు కలిపిన కల్లు ఒక్కసారి బంద్ అయినా కొద్ది రోజుల్లోనే ఫిట్స్, లేనివి కనబడటం మొదలవుతాయి. దాన్ని పాత జబ్బనుకొని యాంటీసైకోటిక్ (స్కిజోఫ్రెనియా లాంటి జబ్బులకు ఇచ్చే మందు) పెంచితే ఫిట్స్ ఇంకా సులువుగా వస్తాయి. అందుకే కల్లు సంగతి ముందే అడగండి.

జవాబు (వికలాంగుల పింఛన్ల పని చూసే వ్యక్తి, కరీంనగర్):
2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది, పింఛన్‌కు 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. గడువు ఉన్న సర్టిఫికెట్ అయితే అది తీరకముందే రెన్యువల్‌కు పెట్టండి. నిరామయ (కొన్ని వైకల్యాలకే ఉన్న కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా) వీళ్లకు వర్తించదు, ఆశపెట్టి తిప్పకండి.

ప్రశ్న అడిగినవారు:
గడులు గీస్తాం. సీజన్‌లో వారానికి రెండు రోజులే రమ్మంటే?

జవాబు (సోషల్ వర్కర్, పరకాల):
మంచిదే. ఒకటి అంగడి రోజు పెట్టండి, ఇంట్లో ఎవరో ఒకరు ఎట్లాగూ బస్సెక్కుతారు. ఫ్లూఫెనజిన్ (కొన్ని వారాలకోసారి వేసే యాంటీసైకోటిక్) ఇంజెక్షన్ ఉన్నవాళ్లకు అదీ ఆ రోజే వేయించండి.