కవరు పోయిందా, పేరు మార్చుకుందా? సోషలిజం తర్వాతి దేశాల ఆసుపత్రుల్లో మీరు చూసినది చెప్పండి

పాతపాలీక్లినిక్:
ప్రజారోగ్యం మీద ఒక పాఠం సిద్ధం చేసుకుంటూ ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 1918లో సోవియట్ ఆరోగ్య శాఖను చేపట్టిన నికొలాయ్ సెమాష్కో పేరుతో ప్రసిద్ధమైన వ్యవస్థలో వైద్యం అందరికీ ఉచితమే. అయితే ఆసుపత్రికి డబ్బు వచ్చేది ఎందరికి నయమైందన్న లెక్కన కాదు, ఎన్ని మంచాలున్నాయన్న లెక్కన. అందువల్ల 1980ల చివరినాటికి అక్కడ వెయ్యిమందికి దాదాపు 13 పడకలు ఉండేవి. పడక ఖాళీగా కనిపిస్తే నిధులకు ముప్పు గనుక, చిన్న జబ్బుకు కూడా రోజుల తరబడి పడుకోబెట్టేవారు. ప్రాథమిక వైద్యమే పునాది అని ప్రపంచ దేశాలు 1978లో ప్రకటించింది సోవియట్ నగరమైన ఆల్మా-అటాలోనే. ఆ దేశపు పాలీక్లినిక్ (పడకలు లేకుండా, వచ్చిపోయే రోగులను చూసే ప్రభుత్వ వైద్యశాల) డాక్టరు మాత్రం చాలాచోట్ల పై ఆసుపత్రికి చీటీ రాసి పంపే మనిషిగానే మిగిలాడు. జీతాలు తక్కువ కావడంతో రోగి చేతిలోంచి డాక్టరు జేబులోకి డబ్బు పెట్టిన కవరు వెళ్లే అలవాటు స్థిరపడింది. 1991 తర్వాత ఈ దేశాలు బీమా నిధులు పెట్టిన సంగతి పుస్తకాల్లో చదివాను. అక్కడ చదివినవారు, ఉద్యోగాలు చేసినవారు మనలో చాలామంది ఉన్నారు కదా, ఆ కవరు సంగతి ఏమైందో మీరు చూసినంత మేరకు చెప్పగలరా?

బిష్కెక్‌పాతకాపు:
నేను 2009 నుంచి 2015 వరకు కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో వైద్యవిద్య చదివాను. మధ్య ఆసియాలో ముందుగా తెగించి మార్పులు చేసింది తామేనని మా ప్రొఫెసర్లు గర్వంగా చెప్పేవారు. 1996లో మొదలైన సంస్కరణకు 'మనస్' అని పేరు పెట్టారు. మనస్ వారి ఇతిహాస వీరుడు. మనం ఆరోగ్య పథకానికి అర్జునుడి పేరు పెట్టుకున్నట్టన్నమాట. 1997 నుంచి తప్పనిసరి వైద్య బీమా నిధి పనిచేయసాగింది. 2001లో ఇస్సిక్-కుల్, చుయ్ ప్రాంతాలతో మొదలుపెట్టి, స్థానిక బడ్జెట్ల డబ్బును ఆ ఒక్క నిధి చేతికిచ్చి, మంచాల లెక్క మానేసి, చికిత్స పొందిన రోగుల లెక్కన ఆసుపత్రులకు చెల్లించారు. ఆసుపత్రిలో చేరే రోగి కూడా ముందే ప్రకటించిన కొంత మొత్తాన్ని కట్టి రసీదు తీసుకోవాలని అప్పుడే నియమం తెచ్చారు. కవరును గల్లాపెట్టెకు మళ్లించాలన్నది అందులోని ఉద్దేశం.

నేను చూసినంతలో, రోగి బంధువులు మందులు, సిరంజిలు బయట కొనుక్కునే బెడద దానివల్ల కొంత తగ్గింది గాని డాక్టరు చేతి కవరు అంతగా తగ్గలేదు. ఒక శస్త్రచికిత్స వార్డులో రోగి కొడుకు రసీదు చూపించిన తర్వాత కూడా మత్తు డాక్టరును విడిగా కలిసి వచ్చాడు. ఎందుకని అడిగితే, "రసీదు ఆసుపత్రికి, ఇది మనిషికి" అన్నాడు. ఆ డాక్టరు జీతం ఎంతో తెలిశాక నాకు నిందించబుద్ధి కాలేదు. అదే వార్డులోని ఇద్దరు యువ వైద్యులు నేనుండగానే రష్యాకు వెళ్లిపోయారు.

డాన్యూబ్‌గట్టు:
హంగరీలో ఆ కవరుకు పేరే ఉంది, హాలాపెంజ్, అంటే కృతజ్ఞతా ధనం. నేను బుడాపెస్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మా పెద్దపాప 2018లో అక్కడే పుట్టింది. "మీ డాక్టరుకు ఎంత ఇస్తున్నారు?" అని నా సహోద్యోగులు అడిగిన తీరు, మన ఇళ్లలో పురోహితుడి సంభావన గురించి మాట్లాడుకునే తీరులోనే ఉండేది. ఎంత ఇవ్వాలో ఎవరూ చెప్పరు, తక్కువైతే ఏమవుతుందోనన్న బెంగ మాత్రం కడుపులో ఉంటుంది. నేను ఇచ్చాను. అది కృతజ్ఞతో భయమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బిష్కెక్ మిత్రుడు చెప్పిన రసీదు ప్రయోగం ఇక్కడ అంతకంటే ఘోరంగా విఫలమైంది. 2007లో ప్రభుత్వం డాక్టరును చూడటానికి 300 ఫోరింట్ల రుసుము పెట్టింది, అది చాలా చిన్న మొత్తం. అయినా 2008 మార్చి 9న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో 80 శాతానికి పైగా దాన్ని రద్దు చేయమన్నారు. కవరులో అంతకు ఎన్నోరెట్లు పెట్టేవారు కూడా ఆ ఓటు వేశారంటే, కవరుతో తమకొక డాక్టరు దొరుకుతాడని, రుసుముతో దొరికేది వరుసలో నిలబడే హక్కు మాత్రమేనని వారు అనుకుని ఉండాలి. చివరకు 2021 జనవరి 1 నుంచి కవరు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమయ్యాయి. దానితోపాటే డాక్టర్ల జీతాలను దశలవారీగా బాగా పెంచారు. జీతం పెంచకుండా చట్టం ఒక్కటే తెచ్చి ఉంటే అది కాగితం మీదే ఉండిపోయేదని నా నమ్మకం. 2022లో మా రెండో బిడ్డ పుట్టినప్పుడు కవరు మాట ఎవరూ ఎత్తలేదు. అయితే మాకు తెలిసిన డాక్టరే ప్రసవం చేయాలంటే కుదరదని, ఆ రోజు డ్యూటీలో ఉన్నవారే చేస్తారని చెప్పారు. నచ్చిన డాక్టరే కావాలనుకున్న మా స్నేహితులు ప్రైవేటుకు వెళ్లి బిల్లు కట్టారు.

తిబిలిసిబజారు:
జార్జియాలో నేను ఉన్న ఆరేళ్లలో కవరు మాట దాదాపు వినలేదు, ఎందుకంటే అక్కడ బిల్లే ఉంది. 2007లో ప్రభుత్వం ఆసుపత్రులను ప్రైవేటుకు అప్పగించే ప్రణాళిక ప్రకటించింది. ఆ తర్వాత బీమా కంపెనీలే ఆసుపత్రులు కట్టి నడిపే దశ కూడా వచ్చింది. సోవియట్ కాలపు పెచ్చులూడిన గోడల స్థానంలో అద్దాల భవనాలు వచ్చాయి, అందులో అబద్ధం లేదు. 2013 ఫిబ్రవరిలో అందరికీ ఆరోగ్య పథకం వచ్చింది గాని, ఖర్చు పెరగడంతో 2017 మే నుంచి ఎక్కువ ఆదాయం ఉన్నవారిని దాని నుంచి తప్పించారు. మా ఇంటి యజమానురాలికి గుండె చికిత్సలో ఎక్కువ భాగం ప్రభుత్వమే చెల్లించింది. ఆ తర్వాత నెలనెలా వాడాల్సిన మాత్రలే ఆమె పింఛనును మింగేసేవి. చవకైన టర్కీ మందుల దిగుమతికి 2022లో దారి తెరిచారు, అప్పటికి నేను తిరిగి వచ్చేశాను.

ఇంతగా మార్కెట్‌కు వదిలేసిన దేశమే 2015 ఏప్రిల్‌లో హెపటైటిస్-సి నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి, అమెరికా మందుల సంస్థ గిలియడ్ ఉచితంగా ఇచ్చిన మందులతో రోగులకు చికిత్స చేసింది. ప్రభుత్వం తలచుకుంటే చేయగలదని దీన్ని చూశాకే నాకు నమ్మకం కలిగింది.

ఖార్కివ్‌నాలుగోఏడు:
2022 మార్చిలో యుద్ధం వల్ల ఉక్రెయిన్‌లో చదువు సగంలో వదిలి వచ్చినవారిలో నేనొకడిని. ఉక్రెయిన్ రాజ్యాంగం 49వ అధికరణ ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం, పైగా ఉన్న ఆసుపత్రుల వ్యవస్థను తగ్గించరాదు. మూసే వీలు లేదు, నడపడానికి డబ్బు లేదు. అందుకని నేను వెళ్లిన ఒక ఆసుపత్రిలో కవరు 'స్వచ్ఛంద విరాళం' అయింది, కౌంటరులో కట్టించుకుని రసీదు కూడా ఇచ్చారు. 2018లో జాతీయ ఆరోగ్య సేవా సంస్థ ఏర్పడి, ప్రజలు తామే ఒక కుటుంబ వైద్యుణ్ణి ఎంచుకుని ఒప్పందం రాసుకుంటే, డబ్బు మనిషి వెంట వెళ్లే పద్ధతి వచ్చింది. పేర్లు రాయించుకోవడానికి డాక్టర్లు రోగులతో మర్యాదగా మాట్లాడటం మొదలైందని మా ఇంటి పక్క పెద్దావిడ నవ్వుతూ చెప్పేది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఆసుపత్రులకు కూడా అదే పద్ధతి మొదలుపెట్టారు.

టాలిన్‌చలి:
ఎస్టోనియాలో కవరు ప్రసక్తి నాకు తగలలేదు. యజమాని జీతం మీద 33 శాతం సామాజిక పన్ను కడతాడు, అందులో జీతంలో 13 శాతానికి సమానమైన భాగం నేరుగా ఆరోగ్య బీమా నిధికి వెళుతుంది. 2010 నుంచి మందుల చీటీ కూడా కాగితం మీద ఉండదు, గుర్తింపు కార్డు చూపిస్తే ఫార్మసీలో ఇస్తారు. మాకున్న బాధ స్పెషలిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూడటం. ఆ బాధను కవరుతో తప్పించుకునే వీలు లేకపోవడం కొన్నిసార్లు నాకే కష్టంగా అనిపిస్తుందని ఒప్పుకుంటున్నాను.

పాతపాలీక్లినిక్:
అందరికీ ధన్యవాదాలు. ఒక పక్కమాట. 2007లో మన ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆరోగ్యశ్రీలోనూ ప్రభుత్వ ట్రస్టు ఒకవైపు నిలబడి, చికిత్సకింత అని ఆసుపత్రులకు చెల్లించే పద్ధతే ఉంది, అందుకే ఈ అనుభవాలు నాకు మరీ పరాయిగా తోచలేదు. బిష్కెక్‌పాతకాపు గారూ, మంచాల లెక్క పోయాక ఆసుపత్రి లోపల కంటికి కనిపించే మార్పు ఏదైనా ఉందా?

బిష్కెక్‌పాతకాపు:
ఉందండీ. నేను తిరిగిన ఆసుపత్రి ఆవరణలో విడివిడి భవనాలు ఉండేవి, చలికాలంలో వాటిని వేడిగా ఉంచడానికే బడ్జెట్‌లో పెద్ద వాటా పోయేదట. పాత పద్ధతిలో ఒక భవనం మూస్తే దాని మంచాల డబ్బు కూడా పోయేది, కొత్త పద్ధతిలో మిగిలిన డబ్బు ఆసుపత్రికే ఉంటుంది. నేను చేరేనాటికే రెండు భవనాలకు తాళాలు పడ్డాయి. వాటిలోంచి విప్పి తెచ్చిన రేడియేటర్లు మా వార్డు వరండాలో వరుసగా పేర్చి ఉండేవి, ఎదురుచూసే బంధువులు వాటి మీదే కూర్చునేవారు.