బూట్‌లో నింపే ఫంక్షన్ టేబుళ్లు ర్యామ్ తినేస్తున్నాయి, ఏం చేయమంటారు?

నమస్కారం అండీ. బోర్డు మీద ఉన్నది ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 మైక్రోకంట్రోలర్. ఫ్లాష్ 64 కేబీ, ర్యామ్ 20 కేబీ. దానికి 16 సెన్సర్లు, ఒక్కోదానికి 12 ఫంక్షన్ పాయింటర్ల (ఫంక్షన్ల అడ్రస్‌ల) స్ట్రక్ట్, అదే టేబుల్. బూట్ అయ్యేటప్పుడు చిప్ ఐడీ చదివి, దానికి తగ్గట్టు నింపుతున్నాను. పాయింటర్ 4 బైట్లు కాబట్టి టేబుల్‌కి 48, మొత్తం 768 బైట్లు. వినడానికి చిన్నదే, కానీ బఫర్లూ స్టాక్‌లూ పోగా నాకు మిగిలేది 1 కేబీ లోపే.

నిజానికి 12లో మారేవి మూడే: రీడ్, సీఆర్‌సీ చెక్ (డేటా తప్పుల్లేకుండా వచ్చిందా అని చూసేది), వెయిట్ (ఆగేది). మిగతా తొమ్మిదీ అన్నిటికీ ఒకటే. వాటినే పదహారు సార్లు కాపీ చేసుకుని కూర్చున్నాను, నా తెలివి అలా ఏడ్చింది.

కాన్‌స్ట్ (మారని) టేబుళ్లు ఫ్లాష్‌లో పెట్టి, సెన్సర్‌కి ఒక్క పాయింటర్ ఉంచితే ర్యామ్ 64 బైట్లకు దిగుతుంది. కాకపోతే ఆ మూడూ దేనికది రెండేసి రకాలుగా మారతాయి, అంటే 2×2×2 = 8 టేబుళ్లు, 384 బైట్ల ఫ్లాష్. అది భరిస్తాను. రేపు నాలుగోది కూడా మారితే 16 అవుతాయనే భయం.

మొన్నైతే స్టాక్ పొంగి చివరి టేబుల్ మీదికెక్కింది. ఒక పాయింటర్‌లో చివరి బిట్ (థంబ్ కోడ్ అని చెప్పేది, ఈ చిప్‌లో 1గానే ఉండాలి) సున్నా అయిపోయి, కాల్ చేయగానే హార్డ్‌ఫాల్ట్, అంటే ప్రోగ్రామ్ ఆగిపోయే ఎర్రర్. రెండు రోజులు డీబగ్గర్ ముందే గడిచాయి.

ఆ తొమ్మిదింటినీ నేరుగా కాల్ చేసి, మారే మూడింటినే ర్యామ్‌లో ఉంచడం (192 బైట్లు) మేలా, 8 టేబుళ్లే మేలా? 72 మెగాహెర్ట్జ్‌లో ఫ్లాష్‌కి 2 వెయిట్ స్టేట్లు (చదివేటప్పుడు అదనంగా ఆగే క్లాక్ సైకిళ్లు) కదా, ఇంటరప్ట్‌లో ఆ తేడా ఎవరైనా కొలిచి చూశారా?