అప్‌డేట్: సిజేరియన్ తర్వాత ఏ ఫీడింగ్ పిల్లో కొనాలని అడిగాను కదా

పాలిచ్చేటప్పుడు మెడ, నడుము లాగేస్తున్నాయని, కుట్ల మీద పాప బరువు పడుతోందని, పాప కింద ఒళ్లో పెట్టుకునే దిండు (ఫీడింగ్ పిల్లో) ఏది కొనాలో చెప్పమని పోయిన నెల రాశాను. ఓపిగ్గా జవాబిచ్చిన అక్కలందరికీ థాంక్స్. ముఖ్యంగా "ముందు లాక్టేషన్ కౌన్సెలర్‌కి (పాలివ్వడం నేర్పే ఆవిడకి) చూపించు" అన్న అక్కకి.

అసలు సమస్య దిండు కాదు. ఆ కౌన్సెలర్ నేను పాలిస్తుంటే కాసేపు చూసి, "నువ్వు పాప మీదికి వంగుతున్నావమ్మా, పాపనే నీ దగ్గరికి తెచ్చుకోవాలి" అన్నారు. పాప చనుమొన ఒక్కటే పట్టుకుంటోందట, పుండ్లు పడింది అందుకే. నోరు బాగా తెరిచాక, గడ్డం రొమ్ముకి ఆనేలా దగ్గరికి తీసుకోమన్నారు. పాప చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. కుట్లు మానేదాకా పొట్ట మీద కాకుండా పక్కన, చంక కింద పట్టుకోవడం నేర్పారు. నాలుగు రోజుల్లో నొప్పి సగానికి సగం తగ్గింది, నాకు ఏడుపొచ్చేసింది.

పిల్లో సంగతికొస్తే, మొదట తెప్పించిన మెత్తటిది దండగ. పాప అందులోకి కుంగిపోయేది. ఇప్పుడు వాడేది గట్టిగా, నడుముకి సందు లేకుండా ఆనుతుంది. మన వైజాగ్ ఉక్కకి నూలు కవరే నయం, ఉతకడానికి రెండు ఉండాలి. బ్రాండ్, బెల్టు వల్ల నాకు ఏ తేడా రాలేదు. అది వచ్చేదాకా అమ్మ వేసిచ్చిన రెండు గట్టి దిండ్లతోనే గడిచింది.

పాప తాగుతూ నిద్రపోతే మాత్రం పిల్లో మీద వదలకండి, ఊపిరాడకపోవచ్చు. నేను వెంటనే తీసి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెడుతున్నాను.