బిళ్ళగన్నేరు సస్పెన్షన్ కల్చర్‌లో విన్‌బ్లాస్టిన్ పీక్ రావట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?

గన్నేరుపువ్వు:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బయోటెక్ ఫైనలియర్. బిళ్ళగన్నేరులో ఉండే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందుని సెల్ కల్చర్‌లో తియ్యాలని నా ప్రాజెక్టు. ఆకు ముక్కల నుంచి క్యాలస్ (ఇంకా ఏ రూపూ లేని సెల్స్ ముద్ద) బాగానే వచ్చిందండి, ఎమ్మెస్ అనే పోషకాల మీడియాలో 2,4-డి, కైనెటిన్ అనే పెరుగుదల హార్మోన్లు వేశా, తెల్లగా పొడిపొడిగా వచ్చింది. లిక్విడ్‌లోకి, అంటే సెల్స్ ద్రవంలో తేలుతూ పెరిగే సస్పెన్షన్‌లోకి మార్చాకే కష్టాలు మొదలయ్యాయి. మూడో సబ్‌కల్చర్‌కల్లా, అంటే మూడోసారి కొత్త మీడియాలోకి మార్చేసరికి గడ్డలు కట్టి గోధుమరంగుకి తిరిగింది, రెండు ఫ్లాస్కులు పారబోశా. మిగిలినవి 21 రోజులు ఉంచి హెచ్‌పీఎల్‌సీ (ఏ పదార్థం ఎంతుందో చూపే టెస్ట్) చేయిస్తే విన్‌బ్లాస్టిన్ పీక్ అస్సలు లేదు. మిథైల్ జాస్మొనేట్ అనే ఎలిసిటర్ (ఇలాంటి పదార్థాలు చేసేలా సెల్స్‌ని రెచ్చగొట్టేది) వేస్తే వస్తుందని ఒక సీనియర్ అన్నారు, కల్చర్ పెట్టిన రోజే వేశా, పెరగడమే ఆగిపోయింది. అమ్మమ్మకి లింఫోమా వచ్చినప్పుడు ఇచ్చిన మందుల్లో ఇదే మొక్క నుంచి వచ్చే విన్‌క్రిస్టీన్ ఉంది, అందుకే ఈ మొక్క పట్టుకున్నా. ఇంకా మూడు నెలలే టైముంది, ఏం చెయ్యమంటారు?

ల్యామినార్‌ఫ్లో:
అమ్మా, నీ చేతిలో తప్పేం లేదు. విన్‌బ్లాస్టిన్ తయారవ్వాలంటే క్యాథరాంథిన్, విండోలిన్ అనే రెండు పదార్థాలు కలవాలి. క్యాథరాంథిన్ సస్పెన్షన్ సెల్స్‌లో దొరుకుతుంది, విండోలిన్ దగ్గరే ఆగిపోతుంది. మొక్కలో ఆ పని ఒక్క రకం సెల్ చెయ్యదు, మొదటి మెట్లు నాళాల పక్కనుండే సెల్స్‌లో, మధ్యవి ఆకు పైపొరలో, చివరివి పాలుండే ల్యాటిసిఫర్లు, ఇడియోబ్లాస్ట్‌లు అనే ప్రత్యేక సెల్స్‌లో జరుగుతాయి, పైగా వెలుతురు కూడా కావాలి. నీ ఫ్లాస్కులో ఉన్నవన్నీ ఇంకా ఏ రూపూ తీసుకోని సెల్స్, వాటిల్లో ఈ ఏర్పాటే లేదు. ఎన్ని ఎలిసిటర్లు పోసినా లేనిదాన్ని తేలేవు. ఆకులోనే అది ఎంత తక్కువంటే గ్రాము విన్‌బ్లాస్టిన్‌కి దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలంటారు.

నేనైతే టార్గెట్ అజ్మలిసిన్‌కి మారుస్తా. అదే మొక్క, అదే కల్చర్, మళ్ళీ మొదటినుంచి పెట్టక్కర్లేదు. రక్తప్రసరణ మందుగా వాడిన ఆల్కలాయిడ్ (మొక్కలు చేసే నైట్రోజన్ ఉన్న పదార్థం) అది, సస్పెన్షన్‌లో వస్తుందని 1970లలోనే తేల్చారు. ఇంకో మాట, అజ్మలిసిన్ నుంచి వచ్చే సర్పెంటిన్ యూవీ కింద నీలంగా మెరుస్తుంది, క్యాలస్ ప్లేట్లు యూవీలో పెట్టి బాగా మెరిసే ముక్కలు ఏరుకుని వాటితోనే సస్పెన్షన్ మొదలుపెట్టు, హెచ్‌పీఎల్‌సీకి డబ్బులు పెట్టేముందే ఏ లైన్ మంచిదో ఓ అంచనా వస్తుంది.

షేకర్120:
పైన అన్నయ్య చెప్పింది కరెక్ట్, నేను రోజువారీ పని సంగతి చెప్తా. 21 రోజులు ఒకే మీడియాలో ఉంచితే చక్కెర అయిపోయి గోధుమరంగుకి తిరగక ఏమవుతాయి, 7 నుంచి 10 రోజులకి మార్చెయ్. మార్చేటప్పుడు పాత కల్చర్ మరీ కొంచెం వెయ్యకు, పల్చగా పడితే సెల్స్ కోలుకోవు, ఒక వంతుకి నాలుగు వంతులు కొత్త మీడియా సరిపోతుంది. గడ్డలకి ఆటోక్లేవ్ చేసిన స్టీల్ జల్లెడలో వడకట్టి కిందకి దిగిన సన్నవే తీసుకో. 250 ఎంఎల్ ఫ్లాస్కులో 50 ఎంఎల్ దాటనివ్వకు, గాలి ఆడాలి. మీ దగ్గర కరెంటు పోతుంటుందా? షేకర్ ఆగితే సెల్స్ అడుక్కి దిగి ఆక్సిజన్ అందక చస్తాయి, నాకు ఒక వేసవి మొత్తం బ్యాచ్‌లు అలాగే పోయాయి, కారణం తెలియక మీడియాని తిట్టుకున్నా.

2,4-డి పెరగడానికి మంచిదేగానీ ఆల్కలాయిడ్లని తొక్కేస్తుంది. అందుకే రెండు దశలుగా చెయ్, ముందు దాంతో పెంచి తర్వాత అది లేని మీడియాలోకి మార్చు. జపాన్‌లో 1983లో షికోనిన్ అనే ఎర్ర రంగుని ఫ్యాక్టరీ స్థాయిలో తీసింది ఈ పద్ధతిలోనే, పెరగడానికి ఒక మీడియా, రంగు పట్టడానికి ఇంకోటి.

ఆకుపచ్చసూది:
నేను జర్మనీలో ఉంటాను, ఈ ఫీల్డే. నిరుత్సాహపడకండి, సెల్ కల్చర్‌తో క్యాన్సర్ మందు రావడం నిజంగా జరిగింది. ప్యాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందుకి ఒకప్పుడు యూ చెట్ల బెరడు ఒలిచేవాళ్ళు, ఆ చెట్లేమో చాలా నిదానంగా పెరిగేవి. తర్వాత ఆ చెట్టు సెల్స్‌నే ట్యాంకుల్లో పెంచి తీశారు, ఆ పద్ధతికి 2004లో అమెరికాలో గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు ఇచ్చారు, ఇక్కడి ప్లాంటులో 75,000 లీటర్ల ట్యాంకు కూడా ఉంది. యూ సెల్స్‌కి ఆ మందు చెయ్యడానికి ఆకు రూపం అక్కర్లేదు, మీ మొక్కకి కావాలి, తేడా అంతే.

ఎలిసిటర్ మొదటి రోజు వెయ్యకండి. పెరుగుదల చివరికొచ్చే టైముకి, అంటే మీ కల్చర్ గ్రోత్ కర్వ్ (ఏ రోజుకి ఎంత పెరిగిందో చూపే గీత) గీసి చూసుకుని, 100 మైక్రోమోలార్‌తో మొదలుపెట్టండి. మిథైల్ జాస్మొనేట్‌ని ఇథనాల్‌లో కరిగిస్తారు కాబట్టి కంట్రోల్ ఫ్లాస్కులోనూ (పోల్చడానికి ఎలిసిటర్ వెయ్యకుండా ఉంచేది) అంతే ఇథనాల్ వెయ్యాలి, లేదంటే వైవాలో మొదటి ప్రశ్న అదే అడుగుతారు. సెల్స్‌తోపాటు మీడియానీ టెస్ట్ చేయించండి, కొంత బయటికి వదిలేస్తాయి.

గన్నేరుపువ్వు:
చాలా థ్యాంక్సండి అందరికీ, రెండు నెలలు నాదే తప్పనుకుని ఏడ్చా. రేపు గైడ్‌గారితో అజ్మలిసిన్ గురించి మాట్లాడతా. మరి విన్‌బ్లాస్టిన్‌కి ఇక దారే లేదా?

ల్యామినార్‌ఫ్లో:
ఎందుకు లేదమ్మా. మొక్కలో దాని తయారీకి కావాల్సిన చివరి ఎంజైములు కూడా 2018లో దొరికాయి, 2022లో ఈస్ట్‌లో జీన్స్ పెట్టి విండోలిన్, క్యాథరాంథిన్ రెండూ తీసి కలిపారు. అది పీహెచ్‌డీలో చేద్దువుగాని, ముందు ఈ గ్రోత్ కర్వ్ గీసి ఇక్కడ పెట్టు, చూస్తాం.